నూరకూడని మాత్ర

నర్సింగ్ స్కూల్లో మందుల పాఠం చెప్పే ఆవిడకు పిల్లలు రేడియో మేడమ్ అని పేరు పెట్టారు. పెట్టిన పిల్ల ఎవరోగాని బుర్ర ఉన్నదే. రేడియో చెబుతూనే ఉంటుంది, మనం చెబితే వినదు, గదిలో ఏం జరుగుతోందో దానికి పట్టదు. ఆవిడా అచ్చం అంతే. ఆ పేరు స్కూలంతటికీ తెలుసు, ఆవిడకు తప్ప.

మందుల్ని ఒక్కొక్కటిగా నేర్చుకుంటే జన్మ చాలదనీ, గుంపులుగా నేర్చుకోవాలనీ ఆవిడ మొదటి రోజే చెప్పేది. మాట నిజమే. ఒక గుంపు గుణం పట్టుబడితే అందులోని మందులన్నీ సగం తెలిసినట్టే. గుండె వేగం తగ్గించే గుంపు మందు ఇచ్చే ముందు నాడి చూడాలి. ఒంట్లో నీరు లాగేసే గుంపు మందు పొద్దున్నే ఇవ్వాలి, లేకపోతే రోగికి రాత్రంతా మరుగుదొడ్డి చుట్టూ ప్రదక్షిణలే. నొప్పి మాత్రల్లో చాలావాటిని ఖాళీ కడుపున ఇస్తే నొప్పి పోయి కడుపుమంట వస్తుంది. ఇంత చక్కటి సంగతిని ఆవిడ ఏం చేసిందయ్యా అంటే, ఎక్కాల పట్టీ చేసింది. గుంపు, పని, మోతాదు, మార్గం, దుష్ఫలితాలు, రోగికి చెప్పవలసినవి. ఈ వరుసలో, ఈ మాటల్లో, ఊపిరి తిప్పుకోకుండా అప్పజెప్పాలి. పక్క గదిలో వాళ్ళకు అది మందుల పాఠమో, ఎవరినైనా పైకి పంపించే ముందు చదివే పారాయణమో తెలిసేది కాదు.

పాఠం అప్పజెప్పించుకునేటప్పుడు ఆవిడ కళ్ళు మూసుకుని చూపుడు వేలు ఊపుతూ వినేది. వరుస తప్పితే వేలు ఆగిపోయేది. "మళ్ళీ మొదటి నుంచి" అనేది. ఒక పిల్ల ధైర్యం చేసి, "మేడమ్, ఈ మాత్ర చూడ్డానికి ఎలా ఉంటుంది?" అని అడిగింది. "పరీక్షలో బొమ్మ వెయ్యమంటారా ఏమిటి?" అని మేడమ్ ఎదురడిగింది. క్లాసంతా నవ్వింది. అడిగిన పిల్ల తల దించుకుని కూచుంది, ఆ తర్వాత ఆ గదిలో ఎవరూ ఏదీ అడగలేదు. గోడవారగా ఒక గాజు బీరువా ఉండేది, దాని నిండా మాత్రలూ సీసాలూ ఉండేవి. తనిఖీకి పెద్దలొచ్చినప్పుడు దాని తాళం తీసి, దుమ్ము దులిపి, వాళ్ళు టీ తాగి వెళ్ళగానే మళ్ళీ వేసేవారు. లోపలి మాత్రలకు గడువు దాటి ఎన్నేళ్ళయిందో వాటికే తెలియాలి.

ఆవిడ కూడా ఒకప్పుడు వార్డులో పనిచేసిందట. ఎక్కువ రోజులు కాదులెండి. ఒక ముసలాయన ఆవిడ కొత్త బూట్ల మీద వాంతి చేసుకున్నాడు. ఇంత చదివింది ఇందుకా అనుకుని, దొరికిన మొదటి దారిన స్కూల్లో పాఠాలు చెప్పడానికి వచ్చేసింది. అప్పటి నుంచి వార్డు నర్సులంటే ఆవిడకు లోకువ. "వాళ్ళవి చేతులు, మనవి మెదళ్ళు" అని పిల్లలతో అనేది. ఆస్పత్రికీ స్కూలుకీ మధ్య ఉన్నది ఒక్క నడవా. ఆ నడవా దాటి అవతల అడుగు పెట్టాల్సిన అవసరం ఆవిడకు ఏళ్ళ తరబడి కనిపించలేదు. మాటలు కోటలు దాటాయి, కాళ్ళు గడప దాటలేదు.

ఇలాంటి మనిషికి కూడా ప్రాణంలో ప్రాణం ఒకటుంది. అది ఆవిడ అక్క. అమ్మానాన్నలు చిన్నప్పుడే పోతే ఈవిడను పెంచింది అక్కే. ఆస్పత్రి యూనిఫారాలు కుట్టే దుకాణంలో మిషను తొక్కి చదివించింది. అక్కకు ఒక మొగుడు కూడా ఉండేవాడు. పెళ్ళయిన ఏడాదికే చెప్పాపెట్టకుండా ఎటో పోయాడు. "వాడు పోతూ పోతూ కత్తెర కూడా పట్టుకుపోయాడే, మొగుడు పోతే పోయాడుగాని అది మంచి కత్తెర" అని అక్క అప్పటి నుంచీ చెప్పుకుని నవ్వేది. రెండు గదుల ఇంట్లో అక్కాచెల్లెళ్ళిద్దరే. చెల్లెలు ఒక గదిలో మర్నాటి పాఠం గొంతెత్తి వల్లిస్తుంటే, అక్క రెండో గదిలో మిషను ఆపి, "ఏమే, నీ మందులన్నీ నీ నోట్లోనే తిరుగుతున్నాయి, రోగికి ఎప్పుడందుతాయే?" అనేది. లోకంలో ఆవిడను ఆటపట్టించగలిగింది ఆ ఒక్క మనిషే. ఆ ఒక్క మనిషి లేకపోతే తనకంటూ ఎవరూ లేరని మేడమ్‌కు బాగా తెలుసు.

ఆ అక్కకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట పోయింది. నీళ్ళు తాగబోతే ఊపిరితిత్తుల్లోకి పోతున్నాయని ముక్కులోంచి పొట్టలోకి గొట్టం వేశారు. పాలైనా, మందైనా ఆ గొట్టంలోంచే. మొదటి వారం బీపీ మాత్ర ఆపారు. తర్వాత పెద్ద డాక్టరు మంచం దగ్గర ఆగకుండానే, "ఇంట్లో వాడే బీపీ మాత్ర మళ్ళీ మొదలుపెట్టండి" అని రాసి ముందుకు సాగిపోయాడు. మేడమ్ ఇంటికి వెళ్ళి, అక్క దిండు పక్కనున్న మాత్రల అట్ట తెచ్చి ఇన్‌ఛార్జి సిస్టరు చేతిలో పెట్టింది. ఏళ్ళుగా ఆ మాత్రలు కొని తెచ్చింది ఆవిడే. అట్ట మీద ఏం రాసుందో ఏనాడూ చదివి ఎరగదు.

ఏళ్ళ తర్వాత వార్డులో కాలు పెట్టిన మేడమ్ అక్క పక్కన ఊరికే కూచుందా? కూచుంటే ఆవిడ రేడియో ఎందుకవుతుంది? ఆ వార్డులో డ్యూటీ చేస్తున్నది ఆవిడ విద్యార్థినులే. మంచం దగ్గరికి ఎవరొచ్చినా, "నీ చేతిలో ఉన్నది ఏ గుంపు?" అని మొదలెట్టేది. పిల్లలు ఆ మంచం దగ్గరికి రావడానికే భయపడి, వంతులు మార్చుకునేవాళ్ళు. రోగికి పక్క మార్చాల్సిన పిల్ల పాఠం అప్పజెబుతూ నిలబడేది. ఇన్‌ఛార్జి సిస్టరు దూరం నుంచి చూసి మొహం చిట్లించుకునేది, అంతకుమించి ఆమె కూడా చెయ్యగలిగింది లేదు.

ఆ రోజు పొద్దున మందుల ట్రాలీ తోసుకుంటూ వచ్చింది ర్యాంకు పిల్ల. క్లాసులో ఎప్పుడూ మొదటి ర్యాంకు కనుక దానికా పేరు. మేడమ్‌కు మహా ఇష్టమైన శిష్యురాలు. ఒక్క మాట పొల్లుపోకుండా మేడమ్ గొంతుతోనే అప్పజెప్పేది.

ఆ వార్డులో ఒక అలవాటుండేది. ముక్కు గొట్టం ఉన్న రోగి మాత్రలన్నీ ఒక కాగితంలో వేసి, రెండు చెంచాల మధ్య నలగ్గొట్టి, నీళ్ళలో కలిపి, సిరంజితో గొట్టంలోకి తోసేవారు. తెల్లవీ, పచ్చవీ, ఎర్రవీ కలిసి బురదనీళ్ళయ్యేవి. ఇన్‌ఛార్జి సిస్టరుకు అది ఆమె ముందటి ఇన్‌ఛార్జి నేర్పింది, ఆవిడకు అంతకు ముందావిడ. ఎందుకని అడిగిన పాపాన ఎవరూ పోలేదు.

"ఏం మందు?" అంది మేడమ్.

"బీపీ మాత్ర మేడమ్. ఇవాళ మళ్ళీ మొదలు. నిఫెడిపిన్, మెల్లగా కరిగే రకం."

"చెప్పు." మేడమ్ కళ్ళు మూసుకుంది. వేలు లేచింది.

పిల్ల అందుకుంది. గుంపు, కాల్షియాన్ని అడ్డుకునే మందులు. పని, రక్తనాళాలను వదులు చేసి రక్తపోటు తగ్గించడం. చెబుతూనే చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి. అట్టలోంచి మాత్ర కాగితంలో పడింది. మోతాదు, రోజుకు ఒకటి, పూత ఉండటం వల్ల రోజంతా కొంచెం కొంచెంగా కరుగుతుంది. మార్గం, నోటి ద్వారా. నోటి ద్వారా అంటూ ముక్కు గొట్టం మూత విప్పింది. దుష్ఫలితాలు, తలనొప్పి, మొహం ఎర్రబడటం, కాళ్ళవాపు, కళ్ళు తిరగడం.

"రోగికి చెప్పవలసినవి?"

పిల్ల మంచం వైపు తిరిగి, వంగి, ఎంతో మర్యాదగా చెప్పింది. "అమ్మా, ఈ మాత్రను నమలకూడదు, విరవకూడదు, నూరకూడదు. ఉన్నదున్నట్టు మింగాలి. తెలిసిందా అమ్మా?"

నోరు పెగలని మనిషికి, గుటక వెయ్యలేని మనిషికి ఈ జాగ్రత్తలన్నీ చెప్పి, చెంచా మీద చెంచా పెట్టి నొక్కింది. మాత్ర టప్పుమని చిట్లింది. ఇద్దరిలో ఒక్కరికీ ఆ చప్పుడు చెవికెక్కలేదు.

"నూటికి నూరు" అంది మేడమ్, కళ్ళు తెరిచి. అప్పటికి సిరంజి కూడా ఖాళీ అయింది.

అంతటితో ఆగినా బాగుండేది. తన పాఠం వార్డులో ఇంత బాగా పలుకుతుంటే ఆవిడ కడుపు నిండిపోయింది. మిగతా పిల్లల్ని కేకేసి మంచం చుట్టూ నిలబెట్టి, ర్యాంకు పిల్లతో ఒక్కో గుంపూ మళ్ళీ చెప్పించడం మొదలుపెట్టింది. అక్క ఎడమచెయ్యి దుప్పట్లోంచి బయటికొచ్చి చెల్లెలి మణికట్టు పట్టుకుంది. "ఉండవే అక్కా, పిల్ల చెబుతోంది" అని మేడమ్ ఆ చేతిని తీసి మంచం మీద పెట్టింది. కాసేపటికి మళ్ళీ వచ్చింది. మళ్ళీ తీసి పెట్టింది. మూడోసారి ఆ చెయ్యి రాలేదు. వెనక నిలబడ్డ పిల్ల ఒకతి, "మేడమ్, పెద్దావిడకు చెమటలు పడుతున్నాయి" అంటే, వరుస మధ్యలో మాట్లాడినందుకు మేడమ్ ఉరిమి చూసింది.

చూసి, అప్పుడు మంచం వైపు తిరిగింది. అక్క మొహం సున్నం కొట్టినట్టుంది. ఒళ్ళు చల్లగా, జిగటగా ఉంది. పిలిస్తే పలకడం లేదు. రక్తపోటు పడిపోతే ఏం చెయ్యాలో ఆవిడ ఎంతమందికి నేర్పిందో లెక్కలేదు. ఇప్పుడు ఆవిడ నోరు, "కాళ్ళు ఎత్తిపెట్టాలి, డాక్టరుకు తెలియజేయాలి" అని దానంతట అది అంటోంది. కాళ్ళు మాత్రం ఎత్తలేదు, చెయ్యి కూడా కదపలేదు. అవతలి మంచం దగ్గర్నుంచి ఇన్‌ఛార్జి సిస్టరు పరిగెత్తుకొచ్చి, "కొంచెం జరగండమ్మా" అని ఆవిడను భుజంతో పక్కకు తోసి, కాళ్ళ కింద దిండ్లు పెట్టి, సెలైన్ ధారగా వదిలింది.

డ్యూటీ డాక్టరు వచ్చి అట్ట తీసి చూశాడు. "దీన్ని నూరి ఇచ్చారా? రోజంతా కరగాల్సిన మందు ఒక్కసారే పోసేశారు కదమ్మా" అన్నాడు.

ఆ పగలంతా అక్క ప్రాణం గుప్పిట్లో ఉంది. సాయంత్రానికి బీపీ కాస్త పైకి వచ్చి, కళ్ళు తెరిచింది. అప్పటిదాకా గోడకు చేరగిలబడి ఏడ్చిన మేడమ్, అక్క కళ్ళు తెరవగానే మొదట చేసిన పని ర్యాంకు పిల్ల మీద విరుచుకుపడటం.

"నేను నేర్పలేదుటే? రోగికి చెప్పవలసిన వాటిలో ఏముంది?"

"నమలకూడదు, విరవకూడదు, నూరకూడదు." పిల్ల వెక్కుతూనే వరుస తప్పకుండా చెప్పింది.

"మరి ఎందుకు నూరావు?"

"అది రోగికి చెప్పవలసినవాటిలో ఉంది మేడమ్. రోగికి చెప్పాను. మనం నూరకూడదని ఎక్కడా లేదు."

ఆ పిల్ల అమాయకంగానే అంది. ఆ మాట ఎంత దారుణంగా ఉందో, అంత నిజంగానూ ఉంది. మేడమ్‌కు మాత్రం అందులో పొగరే కనిపించింది. ఎదురు సమాధానం చెబుతావా అని మండిపడి, ప్రిన్సిపాల్ గదికి నడిచింది.

ప్రిన్సిపాల్ నొప్పించక, తానొవ్వక బతికే రకం. విచారణ అన్నాడు. విచారణలో తేలిందేమిటంటే ఎవరి తప్పూ లేదు. గొట్టమున్న మనిషికి ఆ మాత్ర రాయకూడదు కదా అంటే, పెద్ద డాక్టరు "నేను ఇంటి మందులన్నాను, అది ఏ రకమో నాకేం తెలుసు" అన్నాడు. ఇన్‌ఛార్జి సిస్టరు "మా వార్డు అలవాటు" అంది. తిలాపాపం తలా పిడికెడు అంటారు గాని, ఇక్కడ పిడికెడు కూడా పుచ్చుకోవడానికి ఎవరూ చెయ్యి చాపలేదు. మిగిలింది ర్యాంకు పిల్ల. దాని వెనక ఎవరూ లేరు కనుక మొత్తం దాని నెత్తినే పెట్టడం అందరికీ సుఖంగా ఉంది.

"ఆ టైములో మీరక్కడ లేరు కదా మేడమ్?" అన్నాడు ప్రిన్సిపాల్, మెత్తగా. అడిగినట్టు లేదు, జవాబు అందించినట్టుంది.

నిమిషానికి వంద మాటలు మాట్లాడే మనిషి నీళ్ళు నమిలింది. లేనని అనలేదు. ఉన్నానని అసలే అనలేదు. ఆ మౌనాన్నే ఆయన లేనట్టుగా రాసుకున్నాడు. పిల్లను స్కూలు నుంచి తీసేయడానికి నిర్ణయమైపోయింది. ఆ పిల్ల కూడా నోరెత్తలేదు. మేడమ్ అక్కడే ఉందని ఒక్క మాట చెబితే సరిపోయేది. గురువును ఎదిరించకూడదన్నది కూడా దానికి బాగా వంటబట్టింది కాబోలు.

అక్క మెల్లగా కోలుకుంది. గుటక వచ్చింది, గొట్టం తీశారు. ముక్కలు ముక్కలుగా మాట వచ్చింది. ఇంటికి పంపే ముందు కొత్త బీపీ మాత్ర రాశారు, అది మామూలు రకం. చెల్లెలు గ్లాసుతో నీళ్ళూ, అరచేతిలో మాత్రా పట్టుకుని, "తీసుకో అక్కా. నీకు ఇంత చేసిన ఆ దౌర్భాగ్యురాలిని పంపించేస్తున్నారులే, మళ్ళీ ఏ రోగి జోలికీ రాదు" అంది.

అక్క నోరు తెరవలేదు.

"మింగవే. ఇది వేసుకోకపోతే మళ్ళీ వస్తుందే పక్షవాతం. ఈసారి వస్తే నువ్వు దక్కవు, నాకు ఇంకెవరున్నారే?"

అక్క ఆవిడ మొహంలోకి చూసింది. ఒక్కో మాటా కూడబలుక్కుని అంది. "నువ్వు... నూటికి... నూరు... అన్నావు."

మేడమ్ గ్లాసు బల్ల మీద పెట్టేసింది.

"నేను... చెయ్యి... పట్టుకుంటే... తీసేశావు." అక్క ఊపిరి తీసుకుంది. "వెళ్ళి... చెప్పిరా. అప్పుడు... మింగుతా."

బతిమాలింది. కసిరింది. ఏడ్చింది. బీపీ మాత్ర మానేస్తే ఏమవుతుందో మొత్తం వరుసగా అప్పజెప్పింది కూడా. అక్క పెదవులు బిగించుకుని గోడవైపు తిరిగి పడుకుంది. మొండితనంలో ఆ ఇంట్లో ఎవరూ ఎవరికీ తీసిపోరు. మధ్యాహ్నం నర్సు వచ్చి చూస్తే బీపీ పైకి ఎక్కుతోంది. నర్సు చేత్తో ఇచ్చినా అక్క పుచ్చుకోలేదు. మాత్ర మేడమ్ అరచేతిలో చెమటకు మెత్తబడుతోంది. దాన్ని అక్కడే బల్ల మీద పెట్టి లేచింది.

నడవాలో నడుస్తూ ఏం చెప్పాలో వరుస పెట్టుకుందామనుకుంది. మొదట స్కూలుకు తాను చేసిన సేవ, తర్వాత ఆ రోజు పరిస్థితి, ఆ తర్వాత తన మనోవేదన. ప్రిన్సిపాల్ గది తలుపు తీసేసరికి వరుసంతా ఎగిరిపోయింది.

"నేను అక్కడే ఉన్నాను" అంది. "నా కళ్ళెదుటే నూరింది. నేను కళ్ళు మూసుకుని వింటున్నాను. నూటికి నూరు వేశాను. మా అక్క నన్ను పట్టుకుంటే చెయ్యి తీసి అవతల పెట్టాను."

ప్రిన్సిపాల్ తలుపు వేసి వచ్చాడు. "అయిపోయిన దానికి మీరెందుకు ఇరుక్కుంటారు మేడమ్? ఆ పిల్ల ఏమీ అనలేదు కదా."

"అనదు. ఏమీ అనకుండా తయారుచేసింది నేనే. ఆ పిల్లను తీసేస్తే నన్ను ముందు తీసెయ్యండి. లేదంటే ఇదే మాట తనిఖీవాళ్ళ ముందు చెబుతాను."

తనిఖీ అన్న మాట వినేసరికి ఆయనకు న్యాయం గుర్తొచ్చింది. పిల్లను తీసేసే నిర్ణయం రద్దయింది. మేడమ్‌ను తీసెయ్యడానికి ఆయనకు ధైర్యం లేదు, ఉంచడానికి మొహం లేదు. అలాంటివాళ్ళు చేసేదే చేశాడు. పాఠాలు ఆపించి, వార్డులో పని చెయ్యమన్నాడు.

మేడమ్ తిరిగి వచ్చేసరికి అక్క మేలుకునే ఉంది.

"చెప్పావా?"

"చెప్పాను."

"పిల్ల?"

"రేపటి నుంచి వస్తుంది."

అక్క నోరు తెరిచింది. బల్ల మీది మాత్ర పాడైంది గనక మేడమ్ అట్టలోంచి ఇంకోటి తీసింది. తీసే ముందు అట్టను వెలుతురుకు ఎత్తి పట్టుకుని, దాని మీద రాసిందంతా చదివింది. చదవడానికి చాలాసేపు పట్టింది. అక్క ఓపికగా నోరు తెరుచుకునే ఉంది. మాత్ర పడింది, నీళ్ళు పడ్డాయి, గుటక పడింది. మేడమ్ వేళ్ళు అక్క గొంతు మీద పెట్టి ఆ గుటక దిగేదాకా చూసింది.

"మరి... నిన్ను?" అంది అక్క.

"నన్ను వార్డులో వేశారు. రేపటి నుంచి రోగులకు మందులివ్వాలిట."

అక్క మొహంలో కదిలే సగం నవ్వింది.

"పాపం" అంది. "రోగులు."